తెల్లారుజామున చేపలు పైకెందుకొస్తాయి?

“తాతా, తొట్టి నిండా చెట్లే ఉండాయి గదా. చెట్లు ఆక్సిజన్ ఇస్తాయని బళ్లో చెప్పినారు. మళ్లీ ఈ చేపలేంటికి పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరుస్తా ఉండాయి?”

పూతలపట్టులో మా పంచలోకి గాజుతొట్టి వచ్చినప్పటి నుంచి మా మనవడు అడగని ప్రశ్న లేదు. వాటిలో అసలైనది ఇది. తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. వంద లీటర్ల నీళ్లు పడతాయి. అడుగున మట్టి, దాని మీద ఇసక. వాలిస్‌నేరియా, కబొంబా, ఓ మూల మన చెరువుల్లో దొరికే హైడ్రిల్లా. వాటి మధ్య గప్పీలు, టెట్రాలు. “మొక్కలుండే తొట్టికి గాలిమోటారు దేనికి సార్, అవే చూసుకుంటాయి” అన్నాడట అమ్మినాయన. మధ్యాహ్నం చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. ఆకుల అంచుల నుంచి సన్నటి బుడగలు వరసకట్టి పైకి పోతుంటాయి. తెల్లారి అయిదింటికి చూస్తే మాత్రం చేపలన్నీ నీటి పైపొరకు మూతులు ఆనించి, దవడలు టపటపలాడిస్తూ ఉంటాయి.

అబ్బయా, ఆ చెట్టూ అదే, ఆ నీళ్లూ అవే. మారింది వెలుతురు ఒక్కటే.

హైడ్రిల్లా ప్రయోగం చేయని బడి లేదు. బీకరులో హైడ్రిల్లా, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్లు నింపిన పరీక్షనాళిక. ఎండలో పెడితే నాళికలో వాయువు చేరుతుంది. కొసన నిప్పున్న పుల్ల అందులో పెడితే భగ్గుమంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, అయ్యవారు గంట కొట్టగానే పోతాడు. బడి పగలే నడుస్తుంది కాబట్టి మనకు చెట్టు కథలో పగటి సగమే తెలిసింది.

రాత్రి సగం చూసినాయన యాన్ ఇంగెన్‌హౌస్ అనే హాలండు వైద్యుడు. అంతకుముందు 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి చెడిపోయిన గాలిలో పుదీనా మొక్క ఉంచితే కొన్నాళ్లకు ఆ గాలి బాగుపడుతుందని కనిపెట్టాడు. కానీ ఆ ప్రయోగం అందరికీ ఒకే తీరుగా రాలేదు. కొందరికి గాలి బాగుపడింది, కొందరికి ఇంకా చెడింది. ఇంగెన్‌హౌస్ 1779 ఎండాకాలమంతా ఇంగ్లండులో కూర్చుని, ఆకులను నీళ్లలో ముంచి, ఎండలో ఒకసారి, చీకట్లో ఒకసారి, మళ్లీ మళ్లీ చూశాడు. మర్మం వెలుతురులో ఉందని తేల్చాడు. ఎండ తగిలితే పచ్చటి భాగాలు మంచి వాయువును వదులుతాయి. చీకటి పడితే అవే ఆకులు మనలాగే గాలిని పాడుచేస్తాయి. ఆయన ఎంత హడలిపోయాడంటే, రాత్రిపూట ఇంట్లో మొక్కలు ఉంచుకోవద్దని కూడా రాశాడు.

ఇక్కడ నీకు మీ జేజి మాట గుర్తుకు రావాల. “రేత్రిపూట చింతచెట్టు కింద పడుకోవద్దురా” అంటుంది. దయ్యం ఉందని కొందరు, చెట్టు చెడ్డగాలి వదులుతుందని నాలుగు అక్షరాలు చదువుకున్న కొందరు. దయ్యం సంగతి నాకు వదిలెయ్. రెండో కారణం లెక్కకు నిలవదు. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న చిన్న గదిలో కూడా సుమారు ఏడున్నర కిలోల ఆక్సిజన్ ఉంటుంది. ఇక బయలు సంగతి చెప్పేదేముంది? చింతచెట్టు రాత్రంతా ఊపిరి పీల్చినా ఆ కొండలో ఒక రాయి కదలదు.

ఇప్పుడు ఆ లెక్కే తొట్టికి వెయ్యి. నీళ్లలో కరిగే ఆక్సిజన్ లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. 20 డిగ్రీల వేడి దగ్గర 9.1, 30 డిగ్రీల దగ్గర 7.6, 35 డిగ్రీల దగ్గర 6.9. అంతకంటే ఎక్కువ గాలి నుంచి తనంతట తాను కరగదు. మన తొట్టిలో వంద లీటర్లు. ముప్పై డిగ్రీల దగ్గర నిండుగా కరిగినా మొత్తం ఆక్సిజన్ ముప్పావు గ్రాము! గదిలో ఏడున్నర కిలోలు, ఆ గదిలోనే ఉన్న తొట్టిలో ముప్పావు గ్రాము. చింతచెట్టు కింద మనిషికి లేని బాధ, ఇంత కబొంబా పక్కన చేపకు ఉండేది అందుకే. చెట్టు చేసే పని రెండు చోట్లా ఒకటే. మూటలో ఉన్న సొమ్ము వేరు.

ఆ ముప్పావు గ్రాముకు వాటాదారులు ఎంతమందో చూడు. చేపలు సరే. రాత్రి మొక్కలు. మట్టిలో కుళ్లే ఆకులు, తినకుండా మిగిలిన మేత, వాటిని తినే సూక్ష్మజీవులు. పైగా చేపల మూత్రంలో, మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే మంచి బాక్టీరియా ఉన్నాయి చూశావా, అవి తక్కువ తిండిపోతులు కావు. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి దాదాపు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ లాగేసుకుంటాయి. గుడి కోనేట్లో చేపలకు పుణ్యమని బొరుగులు గంపల కొద్దీ చల్లేవాళ్లకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండు. తినగా మిగిలిన బొరుగులు కుళ్లేటప్పుడు ఆ చేపల ఊపిరినే తింటాయి.

మన ఎండలు ఇంకో దెబ్బ. మే నెలలో పూతలపట్టులో మిద్దె కింద పెట్టిన తొట్టి కూడా ముప్పై దాటి వేడెక్కుతుంది. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. అదే వేడికి చేప ఒంట్లో పని జోరందుకుని దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పది డిగ్రీలు పెరిగితే అవసరం ఇంచుమించు రెట్టింపు. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరుగుతుంది. చేప మొప్పలు మామూలివి కావు. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌లో పావు వంతే వాడుకుని మిగతాది వదిలేస్తాం. చేప తన మొప్పల మీదుగా పోయే నీళ్లలోంచి ఎనభై శాతం దాకా పిండుకోగలదు. రక్తం ఒక దిక్కుకు, నీళ్లు ఎదురుదిక్కుకు పారేటట్టు ఉంది దాని ఏర్పాటు. అంత నేర్పున్న జీవి కూడా చేతులెత్తేసి పైకొచ్చిందంటే, కింద నీళ్లలో నిజంగానే ఏమీ మిగల్లేదని అర్థం.

“అయితే పైన మాత్రం యాడ నుంచి వచ్చింది తాతా?”

గాలి నుంచి. నీటికీ గాలికీ మధ్య వాకిలి ఆ పైపొరే. పైన ఒక వెంట్రుక మందం పొరలో ఎప్పుడూ ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. గాలిని తాకుతూ ఉంది కాబట్టి. తెలివైన చేప ఆ పొరను జుర్రుకుంటుంది. చిక్కంతా ఆ ఆక్సిజన్ కిందికి దిగడంలో ఉంది. కదలని నీళ్లలో అణువు అటూ ఇటూ తడుముకుంటూ తనంతట తాను పోవాలి. గాలిలో కంటే నీళ్లలో ఆ నడక పదివేల రెట్లు నిదానం. లెక్కగడితే, నిశ్చలంగా ఉన్న నీళ్లలో ఒక్క అడుగు లోతుకు చేరడానికి దానికి ఎనిమిది నెలలు పడుతుంది. అప్పటిదాకా చేప ఉండొద్దూ?

తిరుమలలో స్వామి ముందు నిలబడినప్పుడు “జరగండి జరగండి” అని తోసేస్తారే, చిరాకు పడతావే, అది గుర్తు తెచ్చుకో. ముందు నిలబడ్డవాడు కళ్లు మూసుకుని అక్కడే ఉండిపోతే వెనక క్యూలో వేలమందికి దర్శనం ఉండదు. నీటి పైపొర కూడా అంతే. దర్శనం అయిన నీళ్లు కిందికి జరగాలి, కింద ఆకలితో ఉన్న నీళ్లు పైకి రావాలి. ఆ తోసే పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ ఒకరే మోటారు.

కాబట్టి గాలిమోటారు బుడగల్లోని గాలి నీళ్లలో కరిగి చేపలను కాపాడుతుందనుకోవడం సగం నిజం. చిన్న తొట్టిలో బుడగ అడుగు నుంచి పైకి పోవడానికి రెండు మూడు సెకన్లు. ఆ కాస్తలో అది నీళ్లకు ఇచ్చేది కొంచెమే. అది చేసే పెద్ద పని, తనతో పాటు అడుగు నీళ్లను పైకి ఈడ్చుకురావడం, పైకొచ్చి పగిలి పైపొరను చెదరగొట్టడం. అంగళ్లలో నోరు తెరిచి మూసే పెట్టె బొమ్మ, చక్రం తిప్పే బొమ్మ అమ్ముతారు. పిల్లలకు ముచ్చటే కానీ ఒక మూల నాలుగు పెద్ద బుడగలు వదిలితే నీళ్లు ఏం కదులుతాయి? సన్నటి బుడగలు వదిలే రాయి గానీ, స్పాంజి ఫిల్టరు గానీ నయం.

స్పాంజి ఫిల్టరు పనితనం మన చిత్తూరు జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. బోరు వేసినాక కంప్రెసర్‌తో గాలి కొట్టి ఫ్లషింగ్ చేస్తారు. వందల అడుగుల లోతు నుంచి బురదనీళ్లు ఆకాశానికి చిమ్ముతాయి, ఊరంతా చుట్టూ చేరి ఎన్ని అంగుళాలు పడిందో చూస్తుంది. గాలి కలిసిన నీటి స్తంభం తేలికైపోతుంది. చుట్టూ ఉన్న బరువైన నీళ్లు దాన్ని కింద నుంచి పైకి నెడతాయి. తొట్టిలో పెన్సిలు మందం గొట్టంలో జరిగేదీ అదే సూత్రం. పైకి పోయిన నీళ్ల చోటులోకి స్పాంజి గుండా వేరే నీళ్లు వస్తాయి, చెత్త స్పాంజిలో ఆగుతుంది. కదిలే భాగం ఒక్కటీ నీళ్లలో లేదు.

నీళ్లను తోసే పవర్ ఫిల్టరు ఉంటే దాని మూతిని ఎటు తిప్పావనేదే ముఖ్యం. అడుగున గులకరాళ్లకేసి గురిపెట్టి పెడతారు కొందరు. మట్టి లేస్తుంది తప్ప ప్రయోజనం లేదు. మూతి పైపొరకు అంగుళం కిందుగా, కాస్త పైకి వాలి, పొడవాటి దిక్కుకు నీళ్లను తోయాలి. ఆ నీళ్లు ఎదుటి గాజుకు కొట్టుకుని కిందికి దిగి, అడుగున వెనక్కి వస్తాయి. తొట్టంతా ఒక చుట్టు. ట్యూబులైటు నీడ నీటి మీద వణుకుతూ ఉంటే చాలు. నురగలు, చిందులు అక్కర్లేదు. ఇంకో గుర్తు మొక్కల కొసలు. మూలల్లో కూడా ఆకులు మెల్లగా ఊగుతున్నాయంటే అక్కడికీ నీళ్లు అందుతున్నట్టు. మొక్కల తొట్టికి గంటకు తొట్టి నీళ్లన్నీ అయిదు నుంచి పది సార్లు తిరిగేంత మోటారు కావాలని పెంచేవాళ్ల లెక్క. మన వంద లీటర్లకు గంటకు అయిదు వందల నుంచి వెయ్యి లీటర్లది. అయితే డబ్బా మీద రాసిన అంకె కొత్త మోటారుకు, శుభ్రమైన స్పాంజికి. నెల గడిచి స్పాంజి పూడుకుపోతే అందులో ఎంతొస్తుందో పైపొరే చెబుతుంది.

“నీళ్లు కదిపితే మొక్కలకు కావాల్సిన కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోదా?” అని కాస్త తెలిసినవాళ్లు నన్ను ఎదురడుగుతుంటారు. ఎవరి తొట్టి అనేదాన్ని బట్టి జవాబు. సిలిండరు పెట్టో, పంచదారా ఈస్టూ కలిపిన సీసా పెట్టో ఆ వాయువును నీళ్లలోకి పంపేవాళ్లు లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఉంచుతారు. గాలితో సమతూకంలో ఉన్న నీళ్లలో ఉండేది అర మిల్లీగ్రాము పైచిలుకే. అంత ఎక్కువ పెట్టినప్పుడు పైపొరను కదిపితే అది బయటికి పోయేమాట నిజం. మన తొట్టికి సీసా లేదు, సిలిండరు లేదు. పట్టపగలు మొక్కలు ఉన్న కాస్తా తినేసి నీళ్లలో కరువు తెస్తాయి. అప్పుడు కదిలే పైపొర గాలి నుంచి కార్బన్ డయాక్సైడును లోపలికి తెస్తుంది. పోగొట్టేది కాదు, తెచ్చేది. పైగా ఆకును అంటుకుని ఉండే నీటి పొర కదలకపోతే, ఆకు ఆ పొరలోదంతా వాడేసుకుని పక్కనే ఉన్నదాని కోసం కాచుకుంటుంది. పారే నీళ్లలో నాచు ఏపుగా పెరగడం కాలవల్లో చూసే ఉంటావు.

సీసా పెట్టుకున్నవాళ్లకు ఒక్క జాగ్రత్త. సిలిండరైతే దీపం ఆర్పడానికి గంట ముందు కట్టెయ్యొచ్చు. ఈస్టు సీసాకు కుళాయి లేదు, అది రాత్రంతా కక్కుతూనే ఉంటుంది. మొక్కలు తీసుకోవు. ఆక్సిజన్ తగ్గుతూ, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ, చేప రెండు వైపులా ఇరుక్కుంటుంది. అట్లాంటి తొట్టికి రాత్రి దీపం ఆరినప్పటి నుంచి పొద్దున దీపం వెలిగేదాకా గాలిమోటారు తిరగాల్సిందే.

వాకిలి మూసేవి కొన్ని ఉన్నాయి. ఒకటి నీటి మీద కట్టే జిడ్డు పొర. మేతలోని కొవ్వు, కుళ్లిన ఆకుల సారం తేలి మెరుస్తుంది. ఒక కాగితం పరిచి ఎత్తేస్తే వస్తుంది, పైపొర కదులుతుంటే కట్టనే కట్టదు. రెండోది తేలే మొక్క. మన పక్క పాడి రైతులు ఆవులకని అజొల్లా పెంచుతారు. ముచ్చటపడి గుప్పెడు తెచ్చి తొట్టిలో వేశావంటే కొన్నాళ్లకు పైనంతా పరుచుకుంటుంది. దాని ఆకు గాలిలో ఉంది కాబట్టి తయారుచేసే ఆక్సిజన్ చాలావరకు గాలికే పోతుంది. కింద నీళ్లకు మాత్రం వెలుతురూ లేదు, గాలీ లేదు. గుర్రపుడెక్క కమ్మిన చెరువులో చేపలు బతకకపోవడం ఇదే లెక్క. మూడోది తొట్టి ఆకారం. మూతి చిన్నగా, కడుపు పెద్దగా ఉండే గుండ్రటి గాజుబుంగలో మెడ దాకా నీళ్లు పోస్తే గాలి తగిలే చోటు అరచేతి వెడల్పు కూడా ఉండదు. బంగారు చేపను అందులో పెట్టి అమ్మడం నాకైతే పాపమనిపిస్తుంది.

ఇదంతా ఇంట్లో ముచ్చట కోసం చేసే పని. దీని మీదే బతుకులు ఆధారపడి ఉన్నవాళ్లు ఉన్నారు. మన ఊరి పేరుతోనే ఉన్న పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు పట్టుకుని చివరిదాకా పో. అక్కడ నెల్లూరు దారి పట్టి, సముద్రం వైపు తిరిగితే రొయ్యల చెరువులు. ఇంకా పైకి పోతే భీమవరం, కైకలూరు, బొచ్చెలూ శీలావతులూ పెంచే చెరువులు. ఎటు చూసినా నీళ్లను తెల్లగా చిలుకుతూ తిరిగే చక్రాలు కనిపిస్తాయి, ఏరియేటర్లు అంటారు. అక్కడ చెరువులో మొక్కలు కనిపించవు గానీ నీళ్లు పచ్చగా ఉంటాయి. కంటికి కనిపించని మొక్కలు కోట్ల కొద్దీ ఉంటాయి. పగలు ఆక్సిజన్ పొంగిపోతుంది. సాయంత్రం నుంచి దిగుతూ దిగుతూ తెల్లారేముందు అట్టడుగుకు వస్తుంది. రొయ్యకు లీటరుకు నాలుగు మిల్లీగ్రాములన్నా ఉండాలని రైతు చూసుకుంటాడు. ఇక బాగా మబ్బు పట్టిన రోజు చూడు, పగలు సంపాదన ఉండదు, రాత్రి ఖర్చు మామూలే. ఆ రాత్రి రైతుకు నిద్ర లేదు. మేత తగ్గిస్తాడు, ఏరియేటర్లన్నీ వేస్తాడు, కరెంటు పోతే అని జనరేటరు సిద్ధంగా పెట్టుకుంటాడు. “చేపలు తేలినాయి” అనే మాట ఆ ఊళ్లలో వినకూడని మాట. మీ గాజుతొట్టిలో జరిగే కథ, అక్కడ ఎకరాల్లో, లక్షల రూపాయల్లో జరుగుతుంది.

మళ్లీ మన పంచలోకి వద్దాం. పైకొచ్చి గాలి మింగే చేపలన్నీ ఆపదలో ఉన్నట్టు కాదు. ఫైటరు, గౌరామిలకు మొప్పలతో పాటు తల దగ్గర గాలి పీల్చే ప్రత్యేకమైన అర ఉంటుంది. అవి అప్పుడప్పుడూ పైకొచ్చి ఒక గుటక వేసి పోతాయి, అది వాటి పద్ధతి. కొరమీను ఇంకా వింత. గాలి పీల్చకుండా అది బతకనే లేదు. పైకి రానీకుండా నీళ్ల కిందే పట్టి ఉంచితే చేప అయ్యుండి నీళ్లలో ఊపిరాడక చస్తుంది. గప్పీ, టెట్రా అట్లా కాదు. అవి గుంపుగా, అందులోనూ పొద్దున్నే, పైపొరకు అంటుకుని నిలబడ్డాయంటే పిలుస్తున్నట్టే.

నీళ్లు మార్చేటప్పుడు ఇంకో సంగతి. మనది బోరు నీళ్ల ఊరు. పట్నంలో కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవాలని ఒక రోజు నిలవబెడతారు. మన బోరు నీళ్లలో క్లోరిన్ లేదని నేరుగా తొట్టిలోకి గొట్టం పెట్టేస్తుంటారు. భూమి లోపల నెలలూ ఏళ్లూ గాలి తగలకుండా ఉన్న నీళ్లవి. చాలాసార్లు ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఒకేసారి సగం తొట్టి అవే పోస్తే చేపలు తడబడతాయి. బకెట్లో ఎత్తు నుంచి చిందేటట్టు పట్టి, గాలిరాయి వేసి కొన్ని గంటలు వదిలిపెట్టి, ఆనక పోస్తే సరి. వడగాడ్పుల రోజుల్లో నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేటట్టు పెడితే నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి, పైపొరా కదులుతుంది. తరిగిన నీళ్లు మాత్రం రోజూ నింపుకోవాలి.

ఇక కరెంటు. గాలిమోటారును తొట్టికంటే ఎత్తున పెట్టు. కుదరకపోతే గొట్టంలో నాన్-రిటర్న్ వాల్వు వేయించు. లేకపోతే కరెంటు పోయిన నిమిషంలో తొట్టి నీళ్లు గొట్టం గుండా వెనక్కి కారి, మోటారూ పాడవుతుంది, పంచా తడుస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలిమోటారు ఒకటి ఇంట్లో పడి ఉంటే మంచిది. అదీ లేని రాత్రి గంటల తరబడి కరెంటు రాకపోతే, చెంబుతో తొట్టి నీళ్లే తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పొయ్యి. పాతిక ముప్పై చెంబులు, అరగంటకోసారి. ఆ పూట మేత వెయ్యొద్దు. ఒక రోజు పస్తుంటే చేపకేమీ కాదు, తిన్నది అరిగించుకోవడానికే దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి.